కారు నీటి పంపు

కారు నీటి పంపు అనేది కారు ఇంజనును చల్లబరచే ద్రవాన్ని ఇంజనుకు, రేడియేటరుకు మధ్య నిరంతరం తిప్పే అపకేంద్ర పంపు. వాడుకలో దీనిని వాటర్ పంపు అని, మెకానిక్కుల పరిభాషలో వాటర్ బాడీ అని కూడా అంటారు. ఇంజను క్రాంకు షాఫ్టు నుండి బెల్టు, గేరు లేదా గొలుసు ద్వారా ఇది తిరుగుతుంది. కొన్ని కార్లలో దీనికి ప్రత్యేకంగా విద్యుత్ మోటారు ఉంటుంది. ఈ పంపు ఆగిపోతే నడుస్తున్న ఇంజను కొద్ది నిమిషాలలోనే తీవ్రంగా దెబ్బతినే ప్రమాదం ఉంది. పంపు వెలుపలి బెల్టుతో తిరిగే కార్లలో దీనిని ఇంటి వద్దనే మార్చుకోవడం సాధ్యం. టైమింగు బెల్టుతో తిరిగే కార్లలో అదే పనికి ఎక్కువ నైపుణ్యం, ప్రత్యేక సాధనాలు అవసరం.

అవసరం

ఇంజనులో ఇంధనం మండినపుడు వెలువడే శక్తిలో కొంత భాగమే చక్రాలను తిప్పడానికి ఉపయోగపడుతుంది. స్థూలంగా మూడవ వంతు శక్తి పొగగొట్టం ద్వారా వేడిగా బయటికి పోతుంది. మరొక మూడవ వంతు సిలిండరు గోడలకు, సిలిండరు హెడ్డుకు చేరుతుంది. ఇలా లోహానికి చేరిన వేడిని ఎప్పటికప్పుడు తొలగించడమే శీతలీకరణ వ్యవస్థ పని.

ఉదాహరణకు ఒక ఇంజను నుండి సెకనుకు 30 కిలోజౌళ్ళ వేడి శీతలీకరణ ద్రవంలోకి చేరుతున్నదనుకుందాం. పంపు నిమిషానికి 60 లీటర్ల నీటిని తిప్పుతూ ఉంటే సెకనుకు సుమారు ఒక కిలోగ్రాము నీరు ఇంజను గుండా ప్రవహిస్తుంది. నీటి విశిష్టోష్ణం కిలోగ్రాముకు, డిగ్రీకి 4.18 కిలోజౌళ్ళు. కనుక ఇంజనులోకి వెళ్ళిన నీరు బయటికి వచ్చేసరికి దాని ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీలు మాత్రమే పెరుగుతుంది. అదే పంపు ఆగిపోయి, 5 కిలోగ్రాముల నీరు ఇంజనులో కదలకుండా నిలిచిపోయిందనుకుంటే, లోహం పీల్చుకునే వేడిని లెక్కలోకి తీసుకోకపోతే ఆ నీటి ఉష్ణోగ్రత సెకనుకు దాదాపు 1.4 డిగ్రీల చొప్పున పెరుగుతుంది. అంటే 90 డిగ్రీల నుండి 120 డిగ్రీలకు చేరడానికి అర నిమిషం కూడా పట్టదు. వాస్తవంలో లోహం కొంత వేడిని పీల్చుకోవడం వలన ఇంకొంత సమయం దొరుకుతుంది. అయినప్పటికీ పంపు ఆగిన తరువాత కారును నడుపుతూ ఉండటం ఎందుకు ప్రమాదకరమో ఈ లెక్క వలన తెలుస్తుంది.

అల్యూమినియం దాదాపు పోత ఇనుముకు రెట్టింపు వ్యాకోచిస్తుంది. అందువలన పోత ఇనుప బ్లాకు మీద అల్యూమినియం హెడ్డు గల ఇంజను అతిగా వేడెక్కితే హెడ్డు వంగిపోతుంది, హెడ్ గ్యాస్కెట్టు పాడవుతుంది. ఇంకా వేడెక్కితే పిస్టన్లు సిలిండర్లలో పట్టేసి ఇంజను పూర్తిగా బిగుసుకుపోతుంది. పంపు వెలతో పోల్చితే ఈ మరమ్మత్తుల ఖర్చు అనేక రెట్లు ఎక్కువ.

నిర్మాణం, పనిచేసే విధానం

పంపులో ముఖ్యమైన భాగాలు ఇవి:

* దేహం: అల్యూమినియంతో గాని, పోత ఇనుముతో గాని చేసిన గుల్ల. ఇది బోల్టులతో ఇంజను బ్లాకుకు బిగించి ఉంటుంది.
* ఇంపెల్లరు: రెక్కలు గల చక్రం. దీనిని పోత ఇనుము, ఉక్కు రేకు లేదా ప్లాస్టిక్కుతో చేస్తారు.
* షాఫ్టు, బేరింగు: ఇంపెల్లరును, బయటి పుల్లీని కలిపే ఇరుసు, దానిని మోసే బేరింగు.
* యాంత్రిక సీలు: నీరు బేరింగు వైపు రాకుండా ఆపే భాగం. ఇందులో ఒక కర్బన వలయం, ఒక పింగాణీ వంటి గట్టి వలయం ఒకదానితో ఒకటి ఒరుసుకుంటూ తిరుగుతాయి.
* కారు రంధ్రం: సీలుకు, బేరింగుకు మధ్య దేహం అడుగుభాగంలో ఉండే చిన్న రంధ్రం. ద్రవం కారి పోవడానికి ఉన్నది కనుక ఈ వ్యాసంలో దీనిని ఈ పేరుతో పేర్కొనడమైనది.

ఇంపెల్లరు తిరిగినపుడు మధ్యలోని ద్రవం అపకేంద్ర బలం వలన అంచుల వైపు నెట్టబడుతుంది. అక్కడి నుండి బ్లాకులోని దారుల గుండా సిలిండర్ల చుట్టూ, తరువాత హెడ్డులో ప్రవహించి, థర్మోస్టాటు తెరచుకొని ఉన్నపుడు రేడియేటరుకు చేరుతుంది. అక్కడ చల్లబడి కింది హోస్ పైపు ద్వారా తిరిగి పంపుకు వస్తుంది. పంపు వేగం రెండింతలయితే ప్రవాహం సుమారు రెండింతలు, పీడనం నాలుగింతలు, పంపు తీసుకునే శక్తి ఎనిమిదింతలు అవుతాయి.

సీలులోని రెండు వలయాల మధ్య ఉండే పలుచని ద్రవపు పొరయే వాటికి కందెన. కనుక నీరు లేకుండా ఇంజనును కొద్దిసేపు నడిపినా సీలు కాలిపోవచ్చు. సీలు అరిగినపుడు దానిని దాటి వచ్చిన ద్రవం బేరింగులోకి పోకుండా కారు రంధ్రం ద్వారా బయటికి వస్తుంది. ఈ రంధ్రం ఒక లోపం కాదు, ముందస్తు హెచ్చరిక. నీరు కారుతున్నదని దానిని జిగురుతో మూసివేస్తే ద్రవం బేరింగులో చేరి, బేరింగు విరిగి, పంపు అకస్మాత్తుగా ఆగిపోతుంది.

చరిత్ర

1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడు చక్రాల మోటారు వాహనంలో నీరు మరిగి ఆవిరిగా పోవడం ద్వారా ఇంజను చల్లబడేది. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ జర్మనీలోని మన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్ వరకు ఇటువంటి వాహనంలో ప్రయాణించినపుడు దారిలో పలుమార్లు నీరు పోయవలసి వచ్చింది. విల్హెల్మ్ మేబాక్ రూపొందించిన తేనెపట్టు ఆకారపు రేడియేటరు 1901 నాటి మెర్సిడెస్ 35 అశ్వశక్తి కారులో వాడబడింది. దీని వలన కొద్దిపాటి నీటితోనే ఇంజనును చల్లగా ఉంచడం సాధ్యమైంది.

1908లో వెలువడిన ఫోర్డ్ మోడల్ టి కార్లలో మొదటి సుమారు 2,500 కార్లకు నీటి పంపు ఉండేది. తరువాత దానిని తొలగించి, వేడి నీరు పైకి, చల్లని నీరు కిందికి తనంతట తానే ప్రవహించే పద్ధతిని అనుసరించారు. దాని తరువాత వచ్చిన మోడల్ ఎ కారులో మరల నీటి పంపును అమర్చారు. ఇంజన్ల శక్తి పెరిగిన కొద్దీ పంపు తప్పనిసరి అయింది. దీనికి ప్రసిద్ధమైన మినహాయింపు వోక్స్‌వ్యాగన్ బీటిల్. దాని ఇంజను గాలితో చల్లబడేది కనుక దానికి నీటి పంపు, రేడియేటరు రెండూ లేవు. 2009లో విడుదలైన మూడవ తరం టొయోటా ప్రియస్ వంటి కార్లలో విద్యుత్ మోటారుతో తిరిగే పంపులు వాడబడ్డాయి.

పాడవడానికి కారణాలు

1. సీలు, బేరింగు సహజంగా అరిగిపోవడం.
2. బెల్టును అతిగా బిగించడం. దీని వలన బేరింగు మీద పక్క బరువు పెరుగుతుంది.
3. కూలెంటుకు బదులు కుళాయి నీరు లేదా బోరు నీరు పోయడం. తెలుగు ప్రాంతాలలో అనేక చోట్ల భూగర్భ జలం కఠిన జలం. ఇది వేడెక్కినపుడు కాల్షియం కార్బొనేటు ఉప్పు తెట్టుగా పేరుకుంటుంది. ఈ తెట్టు రేడియేటరు గొట్టాలను మూసివేస్తుంది, సీలు వలయాలను గీరుతుంది.
4. కూలెంటును ఏళ్ళ తరబడి మార్చకపోవడం. అందులోని తుప్పు నిరోధకాలు కాలక్రమంలో ఖర్చైపోతాయి. అపుడు ఇంపెల్లరు రెక్కలు తినివేయబడి పంపు తిరుగుతున్నా నీరు సరిగా కదలదు.
5. రేడియేటరు మూత పీడనాన్ని నిలపలేకపోవడం. పీడనం తగ్గితే ఇంపెల్లరు వద్ద బుడగలు ఏర్పడి పగులుతూ లోహాన్ని గుంటలు పడేలా చేస్తాయి.

నీరు గడ్డకట్టేంత చలి లేని ప్రాంతంలో కూలెంటు అవసరం లేదనే అభిప్రాయం సరికాదు. గడ్డకట్టకుండా ఆపడం దాని పనులలో ఒకటి మాత్రమే. లోహాన్ని తుప్పు నుండి కాపాడటం, మరుగు స్థానాన్ని పెంచడం వేడి ప్రాంతాలలో మరింత ముఖ్యం.

పాడైనట్లు గుర్తించడం

* కారు రంధ్రం కింద తడి లేదా ఎండిన రంగు చారలు కనిపించడం. స్వల్పమైన మరక సహజమే కాని, బొట్లు బొట్లుగా కారుతుంటే పంపును మార్చాలి.
* ఇంజను ముందు భాగం నుండి గరగరమనే శబ్దం రావడం.
* ఇంజనును ఆపి, చల్లారిన తరువాత పుల్లీని చేతితో పట్టుకొని ఊపినపుడు అది అటూ ఇటూ కదలడం.
* కూలెంటు మట్టం తరచుగా తగ్గిపోవడం.
* ఉష్ణోగ్రత సూచిక ముల్లు పైకి పోవడం.

కూలెంటు తగ్గిన ప్రతిసారీ పంపే కారణం కాకపోవచ్చు. హోస్ పైపులు, క్లిప్పులు, రేడియేటరు, దాని మూత, హెడ్ గ్యాస్కెట్టు కూడా కారణం కావచ్చు. పీడనం పెట్టి పరీక్షించే చేతి పంపుతో లీకు ఎక్కడ ఉన్నదో తెలుసుకొనవచ్చు. ద్రవమంతా కారిపోయినపుడు ఉష్ణోగ్రతను కొలిచే పరికరం నీటిలో మునిగి ఉండదు కనుక సూచిక తక్కువ వేడిని చూపవచ్చు. కాబట్టి ముల్లు కిందికి ఉన్నదని నిశ్చింతగా ఉండరాదు.

ప్రయాణంలో ఇంజను అతిగా వేడెక్కితే వెంటనే పక్కకు తీసి ఆపివేయాలి. వేడిగా ఉన్నపుడు రేడియేటరు మూతను ఎట్టి పరిస్థితిలోను తీయరాదు. 0.9 బార్ అధిక పీడనం వద్ద మామూలు నీరే సుమారు 118 డిగ్రీల వరకు మరగదు. మూత తీయగానే పీడనం పడిపోయి, ఆ నీరు ఒక్కసారిగా ఆవిరై పైకి చిమ్మి ముఖాన్ని, చేతులను కాలుస్తుంది.

ఇంటి వద్ద మార్చడం

పనికి పూనుకునే ముందు ఆ కారు మరమ్మత్తు పుస్తకం చూసి పంపును ఏది తిప్పుతున్నదో తెలుసుకోవాలి.

* వెలుపలి బెల్టు: ఫ్యాను బెల్టు లేదా ఆల్టర్నేటరు బెల్టుతో తిరిగే పంపు. సాధారణ సాధనాలతో మార్చవచ్చు.
* టైమింగు బెల్టు: వోక్స్‌వ్యాగన్ 1.9 లీటర్ల టిడిఐ డీజిలు ఇంజను దీనికి ఉదాహరణ. పంపు తీయాలంటే టైమింగు బెల్టును విప్పాలి.
* టైమింగు గొలుసు: ఫోర్డ్ 3.5 లీటర్ల వి6 ఇంజనును అడ్డంగా అమర్చిన కార్లలో పంపు ఇంజను లోపల ఉంటుంది. సీలు పాడైతే కూలెంటు ఇంజను ఆయిలులో కలిసే అవకాశం ఉంది. ఇది ఇంటి వద్ద చేయదగిన పని కాదు.

కావలసిన సామగ్రి

కొత్త పంపు, దానికి తగిన గ్యాస్కెట్టు లేదా రబ్బరు వలయం, తయారీదారు సూచించిన కూలెంటు, డిస్టిల్డ్ వాటరు, స్పానర్లు, సాకెట్లు, టార్కు రెంచి, స్క్రూ డ్రైవరు, వెడల్పాటి తొట్టి, ప్లాస్టిక్కు గీకుడు బిళ్ళ, చేతి తొడుగులు, కళ్ళద్దాలు. కారు కిందికి వెళ్ళవలసి వస్తే జాకీ మీద మాత్రమే ఆధారపడకుండా స్టాండ్లు పెట్టాలి. పాత పంపును, కొత్త పంపును పక్కపక్కన పెట్టి బోల్టు రంధ్రాలు, ఇంపెల్లరు ఎత్తు, షాఫ్టు పొడవు సరిపోయాయో లేదో చూడాలి.

వెలుపలి బెల్టుతో తిరిగే పంపును మార్చే పద్ధతి

1. కారును సమతలంలో నిలిపి, ఇంజను పూర్తిగా చల్లారనివ్వాలి. బ్యాటరీ రుణ ధ్రువపు తీగను తొలగించాలి. కొన్ని కార్లలో ఇంజను ఆపి ఉన్నా రేడియేటరు ఫ్యాను దానంతట అదే తిరగవచ్చు.
2. తొట్టిని కింద పెట్టి, రేడియేటరు మూత తీసి, అడుగున ఉన్న బిరడాను విప్పి కూలెంటును వంపాలి. బిరడా లేకపోతే కింది హోస్ పైపును విప్పాలి.
3. బెల్టు ఇంకా బిగువుగా ఉన్నపుడే పంపు పుల్లీ బోల్టులను కొద్దిగా వదులు చేయాలి. బెల్టు తీసిన తరువాత పుల్లీ తిరిగిపోతూ బోల్టులు రావు.
4. బెల్టును వదులు చేసి తీయాలి. పుల్లీని, పంపుకు కలిసే హోస్ పైపులను విప్పాలి.
5. పంపు బోల్టులను విప్పాలి. ఇవి తరచుగా వేరు వేరు పొడవులలో ఉంటాయి. అట్ట ముక్క మీద పంపు బొమ్మ గీసి, ఏ రంధ్రంలోని బోల్టును ఆ చోట గుచ్చి ఉంచితే తికమక ఉండదు. తుప్పు పట్టిన బోల్టును బలవంతంగా తిప్పితే విరిగి బ్లాకులో ఉండిపోతుంది. తుప్పు వదిలించే నూనె వేసి కొంతసేపు ఆగాలి.
6. పంపు అతుక్కొని ఉంటే రబ్బరు సుత్తితో మెల్లగా తట్టాలి. స్క్రూ డ్రైవరును సందులో దూర్చి ఎత్తితే చదునైన తలం గీతలు పడి తరువాత లీకు అవుతుంది.
7. బ్లాకు మీది పాత గ్యాస్కెట్టును పూర్తిగా గీకి శుభ్రపరచాలి. ముక్కలు నీటి దారులలో పడకుండా గుడ్డ అడ్డుపెట్టి, చివర దానిని మరువకుండా తీసివేయాలి.
8. కొత్త గ్యాస్కెట్టుతో పంపును అమర్చాలి. రబ్బరు వలయం ఉంటే దానికి కూలెంటు తడి చాలు. ఖనిజ నూనె రాస్తే కొన్ని రకాల రబ్బరు ఉబ్బిపోతుంది. సీలెంటు పేస్టును పుస్తకంలో చెప్పిన చోట మాత్రమే, పలుచగా రాయాలి. నీటి దారిలోకి తెరచుకొనే రంధ్రాల బోల్టుల మరలకు సీలెంటు అవసరమవుతుంది.
9. బోల్టులన్నిటినీ ముందు చేతితో ఎక్కించి, తరువాత ఎదురెదురుగా ఉన్న వాటిని రెండు మూడు విడతలుగా, పుస్తకంలో ఇచ్చిన టార్కు మేరకు బిగించాలి. అల్యూమినియంలోని మరలు అతి బిగింపుకు సులభంగా చెడిపోతాయి.
10. పుల్లీ, హోస్ పైపులు, బెల్టు తిరిగి అమర్చాలి. బీటలు వారిన బెల్టును, మెత్తబడిన పైపులను ఇదే సమయంలో మార్చడం మంచిది.

కూలెంటు నింపడం, గాలి తొలగించడం

కూలెంటును, డిస్టిల్డ్ వాటరును సూచించిన పాళ్ళలో కలిపి నెమ్మదిగా పోయాలి. సగం సగం కలిపిన ఇథిలీన్ గ్లైకాల్ మిశ్రమం సుమారు మైనస్ 37 డిగ్రీల వరకు గడ్డకట్టదు. ముందుగానే కలిపి అమ్మే కూలెంటులో మరల నీరు కలపరాదు. రంగు ఒకటే అయినంత మాత్రాన రెండు కూలెంట్ల రసాయన స్వభావం ఒకటే అని అనుకోరాదు, ఎందుకనగా రంగులకు సర్వసమ్మతమైన ప్రమాణం లేదు.

ఇంజనులో గాలి చిక్కుకుంటే అక్కడ వేడి పోక లోహం స్థానికంగా వేడెక్కుతుంది. గాలిని వదిలే స్క్రూ ఉంటే బుడగలు లేని ధార వచ్చే వరకు దానిని తెరచి ఉంచాలి. హీటరు గల కార్లలో దానిని పూర్తి వేడి స్థానంలో పెట్టాలి. బ్యాటరీ తీగను తిరిగి కలిపి, ఇంజను నడిపి, థర్మోస్టాటు తెరచుకొని పై హోస్ పైపు వేడెక్కే వరకు, ఫ్యాను ఒకసారి తిరిగే వరకు గమనించాలి. తరువాత ఆపి, పూర్తిగా చల్లారాక మట్టం చూసి తగ్గినంత పోయాలి. మొదటి 100 కిలోమీటర్ల లోపు మరల ఒకసారి మట్టాన్ని, పంపు కింది భాగాన్ని పరీక్షించాలి.

టైమింగు బెల్టుతో తిరిగే పంపు

టైమింగు బెల్టు క్రాంకు షాఫ్టును, క్యామ్ షాఫ్టును నిర్ణీతమైన పొందికలో ఉంచుతుంది. అనేక ఇంజన్లలో ఈ పొందిక తప్పితే పిస్టన్లు తెరచి ఉన్న వాల్వులను తాకి వాటిని వంచివేస్తాయి. కనుక గుర్తులను సరిచూసి, షాఫ్టులను కదలకుండా పట్టి ఉంచే సాధనాలు వాడి మాత్రమే ఈ పని చేయాలి. బెల్టు అమర్చిన తరువాత స్టార్టరు వాడక ముందు ఇంజనును స్పానరుతో రెండు పూర్తి చుట్లు తిప్పి గుర్తులు మరల కలిశాయో లేదో చూడాలి. మధ్యలో ఏదైనా అడ్డు తగిలితే బలవంతం చేయరాదు. గుర్తుల గురించి ఏ మాత్రం సందేహం ఉన్నా పనిని అనుభవజ్ఞుడైన మెకానిక్కుకు అప్పగించడమే మేలు. శ్రమలో అధిక భాగం బెల్టు వరకు చేరడానికే పడుతుంది కాబట్టి బెల్టు, టెన్షనరు, పంపు మూడింటిని కలిపి మార్చడం పరిపాటి. పాత పంపు సీలు తరువాత పాడైతే కారిన కూలెంటు కొత్త బెల్టును కూడా చెడగొడుతుంది.

ఉదాహరణ: అంబాసిడర్

హిందుస్తాన్ మోటార్స్ వారి అంబాసిడర్ కారు ఉత్పత్తి 2014లో ఆగిపోయింది. చాలాకాలం ఈ కార్లలో వాడిన 1489 సి.సి. బి-సిరీస్ పెట్రోలు ఇంజను నీటి పంపు నిర్మాణాన్ని తెలుసుకోవడానికి చక్కని ఉదాహరణ. ఇందులో పంపు బ్లాకు ముందు భాగంలో బయటికి కనిపిస్తుంది. రేడియేటరు ఫ్యానును పంపు ముందు భాగానికే బిగిస్తారు. కనుక పంపు, ఫ్యాను ఒకే బెల్టుతో కలిసి తిరుగుతాయి. బెల్టు బిగువును డైనమోను పక్కకు జరిపి సరిచేస్తారు. బొటనవేలితో నొక్కినపుడు బెల్టు సుమారు 12 మిల్లీమీటర్లు లోపలికి పోవడం సరియైన బిగువు. పంపు మార్చేటప్పుడు రేడియేటరును కూడా విప్పి తీస్తే పనికి చోటు దొరుకుతుంది. టైమింగు గొలుసుతో ఈ పంపుకు సంబంధం లేదు. పాత రోజులలో మెకానిక్కులు పంపు దేహాన్ని ఉంచి, అందులోని షాఫ్టు, బేరింగు, సీలు మాత్రమే ప్రెస్సుతో మార్చేవారు. ప్రెస్సు లేనివారు పూర్తి పంపును మార్చడమే సులభం.

కూలెంటు విష ప్రభావం

ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. అందువలన కింద పడిన కూలెంటును కుక్కలు, పిల్లులు నాకే ప్రమాదం ఉంది. పిల్లలు కూడా తెలియక తాగవచ్చు. శరీరంలో ఇది కాలేయంలో ఆమ్లాలుగా మారుతుంది. వాటిలోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియంతో కలిసి స్ఫటికాలుగా మారి మూత్రపిండాలను చెడగొడుతుంది. పెద్దవారికి కూడా సుమారు 100 మిల్లీలీటర్ల శుద్ధ ఇథిలీన్ గ్లైకాల్ ప్రాణాంతకం కావచ్చు. దీనికి ఫోమెపిజోల్ అనే విరుగుడు మందు ఉంది. తొలి గంటలలో చికిత్స అందడం ముఖ్యం కనుక, లక్షణాలు కనిపించే వరకు ఆగక వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

వంపిన కూలెంటును మురుగు కాలువలో, బావి వద్ద, చెట్ల మొదట్లో పోయరాదు. మూత గల డబ్బాలో పోసి, పేరు రాసి, వాడిన నూనెలు, కూలెంట్లు సేకరించే చోట ఇవ్వాలి. మంచినీళ్ళ సీసాలలో నిలవ ఉంచరాదు. నేల మీద పడిన దానిని ఇసుకతో గాని, రంపపు పొట్టుతో గాని పీల్చి ఎత్తివేసి, ఆ చోటును నీటితో కడగాలి.

ఇవి కూడా చూడండి

* అంతర్దహన యంత్రం
* రేడియేటరు
* థర్మోస్టాటు
* అపకేంద్ర పంపు
* ఇథిలీన్ గ్లైకాల్
* కఠిన జలం